నసీమ్ హమీద్ నిజంగా ఎంత గొప్ప బాక్సర్?

బర్కత్‌పుర, హైదరాబాద్

చిరంజీవులు కార్తీక్‌కి, మేఘనకి, మీతో పాటు ఎల్బీ స్టేడియానికి ప్రాక్టీసుకొచ్చే పిల్లలందరికీ,

మొన్న ఆదివారం మన డాబా మీద కార్తీక్ రెండు చేతులూ కిందికి వదిలేసి, నడుము వెనక్కి వంచి ఆడుతుంటే, మేఘన ముందు చేత్తో వేసిన సూటి పంచ్, అదే జాబ్, నేరుగా వాడి ముక్కు మీద పడింది. ఐస్ పెడుతుంటే వాడు అన్న మాట: "నసీమ్ కూడా ఇలాగే ఆడేవాడు తాతా, అతన్ని మించిన లెఫ్టీ లేడంట కదా!" అప్పుడు ఆ హడావిడిలో ఏమీ చెప్పలేదు. ఫోన్‌లో తేలే విషయం కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మీరు చూసేవన్నీ ముప్పై సెకన్ల వీడియోలు. చిరుతపులి చారల నిక్కరు, పై తాడు మీంచి పల్టీ కొట్టి రింగ్‌లోకి దూకడం, ఎగిరే తివాచీ మీద ఊరేగుతూ రావడం. బరాత్ చూసి పెళ్లికొడుకు ఎలాంటివాడో చెప్పలేం కదా. అలాగని బరాత్ ఘనంగా ఉంది కాబట్టి పెళ్లికొడుకు పనికిరాడు అనడమూ తప్పే. హమీద్ విషయంలో జనం ఈ రెండు తప్పులూ చేశారు.

అతను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, యెమెన్ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టాడు. కోచ్ బ్రెండన్ ఇంగిల్ జిమ్‌లో పెరిగాడు. ఫెదర్‌వెయిట్, అంటే సుమారు 57 కిలోలు. మన నిజామాబాద్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చింది ఈ బరువులోనే. 1995లో, 21 ఏళ్లకే, కార్డిఫ్‌కి వెళ్లి స్టీవ్ రాబిన్సన్‌ని అతని సొంత ఊళ్లోనే ఓడించి డబ్ల్యూబీఓ (ప్రపంచ బాక్సింగ్ సంస్థల్లో ఒకటి) ప్రపంచ టైటిల్ గెలిచాడు. మొత్తం 37 బౌట్లు ఆడి 36 గెలిచాడు, అందులో 31 నాకౌట్లు. అంత చిన్న బరువులో అంత దెబ్బ ఉండటం చాలా అరుదు. పంచ్ ఎక్కణ్ణుంచి వస్తుందో ఎదుటివాడికి తెలిసేది కాదు. తొడ పక్కనుంచి లేచేది, ఒక్కోసారి రెండు కాళ్లూ నేల వదిలాక వచ్చేది.

అసలు సంగతి కాళ్లలో ఉంది. నేను కుర్రాళ్లకు గ్లవ్స్ కట్టిన రోజుల్లో నేల మీద సుద్దముక్కతో పాదాలు గీసి చూపించేవాణ్ణి. మామూలు బాక్సర్, అంటే కుడిచేతి వాటం వాడి ఎడమ పాదం ముందుంటుంది, లెఫ్టీకి కుడి పాదం. ఎదురెదురుగా నిలబెడితే ఆ రెండు పాదాలూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఎవరి పాదం బయటివైపు ఉంటే వాడి వెనక చేతికి దారి దొరుకుతుంది. మామూలు బాక్సర్ లెఫ్టీలతో ఆడేది తక్కువ కాబట్టి తడబడతాడు. లెఫ్టీ మాత్రం రోజూ మామూలువాళ్లతోనే ఆడతాడు. ఈ లాభం ప్రతి లెఫ్టీకీ ఉంటుంది, హమీద్‌కీ ఉంది. అందుకే లెఫ్టీని అంచనా వేసేటప్పుడు నేను ఒక్కటే చూస్తాను: ఎదుటివాడు ఆ పాదాల లెక్క నేర్చుకుని వచ్చిన రోజున ఇతను ఏం చేశాడు?

ముందే ఒక హెచ్చరిక వచ్చింది. 1997 డిసెంబరులో న్యూయార్క్‌లో కెవిన్ కెల్లీతో ఆడినప్పుడు హమీద్ మూడుసార్లు కింద పడ్డాడు. కెల్లీనీ మూడుసార్లు పడేసి నాలుగో రౌండ్‌లో ముగించాడు. లేచి గెలిచిన ఆ గుండెకి నేను నమస్కారం పెడతాను. కానీ గార్డ్ లేకుండా, అంటే మొహానికి చేతులు అడ్డం పెట్టుకోకుండా, గడ్డం పైకెత్తి నిలబడితే ఏమవుతుందో ఆ రాత్రే తెలిసిపోయింది. మరుసటి ఏడాది ఇంగిల్‌తో విడిపోయాడు. చిన్నప్పటినుంచీ చూసిన గురువు పక్కన లేకపోవడం చిన్న లోటు కాదని నా అభిప్రాయం.

ఇక 2001 ఏప్రిల్ 7, లాస్ వెగాస్. మెక్సికోకి చెందిన మార్కో ఆంటోనియో బర్రెరా అంటే మీదపడి కొట్టుకునేవాడని పేరు. ఆ రాత్రి అలా చేయలేదు. గార్డ్ పైకి పెట్టుకుని, ఓపిగ్గా తన ఎడమవైపుకే జరుగుతూ, హమీద్ ఎడమ చేతికి దూరంగా పోతూ, మధ్యలో లెఫ్ట్ హుక్ (ఎడమ చేయి వంచి పక్కనుంచి వేసే పంచ్) వేశాడు. పన్నెండు రౌండ్లూ అదే పని. ఆ బౌట్ సీడీ కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కొచ్చి ఎన్నిసార్లు చూశానో. హమీద్ దూకడం, అందకపోవడం, కాళ్లు సర్దుకునేలోపు దెబ్బ తినడం. జాబ్‌తో దారి చేసుకోవాలన్న ఆలోచనే కనిపించదు. ముగ్గురు జడ్జీలూ బర్రెరానే గెలిపించారు: స్కోర్లు 116-111, 115-112, 115-112. దగ్గరి పోటీ అనిపిస్తుందేమో, నాకు మాత్రం అనిపించలేదు. చివరి రౌండ్‌లో బర్రెరా అతని తలని రింగ్ మూల స్తంభానికి నెట్టి ఒక పాయింటు కూడా పోగొట్టుకున్నాడు. అంత ధీమాగా ఉన్నాడు.

"బర్రెరా అంతటివాడు, ఎవరైనా ఓడేవారే" అంటారు కొందరు. 2003లో అదే బర్రెరాని ఫిలిప్పీన్స్ బాక్సర్ మ్యానీ పాక్వియావో శాన్ ఆంటోనియోలో పదకొండో రౌండ్‌లో ఆపేశాడు. అతనూ లెఫ్టీయే. అతని చేతికీ వేగం, బలం ఉన్నాయి. కానీ పంచ్ వేశాక కాళ్లు అతని కిందే ఉండేవి. పక్కకు తప్పుకుని మళ్లీ వేసేవాడు.

హమీద్ ఆ ఓటమి తర్వాత ఒక్క బౌట్ ఆడి, 28 ఏళ్లకే మానేశాడు. బర్రెరాతో రెండోసారి ఆడలేదు. అదే కాలంలో అదే బరువులో ఉన్న మెక్సికో బాక్సర్ హువాన్ మాన్యువల్ మార్కెజ్‌తో అసలు ఆడనే లేదు. 2015లో గొప్ప బాక్సర్లను గౌరవించే బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు, అది న్యాయమే. ఒక్క దెబ్బతో బౌట్ ముగించే ఫెదర్‌వెయిట్లలో అతన్ని ముందు వరసలో కూర్చోబెడతాను. కానీ అందరు లెఫ్టీలకంటే గొప్పవాడంటే ఒప్పుకోను కార్తీక్. పాక్వియావో పక్కన కూడా నిలబెట్టను.

వచ్చే ఆదివారం రండి. ఆ బౌట్ మొదటి రౌండ్ సౌండ్ తీసేసి చూద్దాం. మొహాలు కాదు, బర్రెరా ఎడమ పాదం ఒక్కటే చూడాలి. తర్వాత డాబా మీద పాదాలు గీసుకుని మేఘన బర్రెరా, నువ్వు హమీద్. వచ్చేటప్పుడు సుద్దముక్కలు తెండి, నా దగ్గర అయిపోయాయి.

ఆశీస్సులతో,
తాతయ్య