టైల్స్ మార్చే ముందు నీళ్లు చూడండి: ఈత కొలను ఫినిషింగ్‌పై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో, అపార్ట్‌మెంట్లలో ఈత కొలనులకు టైల్స్ వేయించడం, తర్వాత వాటి బాగోగులు చూడడం నా వృత్తి. ఏటా మార్చి రాగానే ఫోన్లు మొదలవుతాయి. "టైల్స్ పాడైపోయాయి, మార్చాలంటే ఎంతవుతుంది?" అనే అడుగుతారు అందరూ. వెళ్లి చూస్తే చాలా చోట్ల టైలుకు ఏమీ అయి ఉండదు. దాని మీద నీళ్లు పేర్చిన సున్నమో, దాని సందుల్లోంచి నీళ్లు తినేసిన సిమెంటో కనిపిస్తుంది. లక్షలు పోసి టైల్స్ పీకించి, మళ్లీ అవే నీళ్లు నింపితే రెండు మూడు వేసవుల్లో కథ మొదటికొస్తుంది. ఆ ఖర్చు చూసి మనసు ఒప్పకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఖరీదైన గాజు మొజాయిక్ వేయిస్తే ఇక చూసుకోనక్కర్లేదు

గాజు నీళ్లు పీల్చదు, రంగు పోదు, క్లోరిన్‌కు లొంగదు. అంతవరకు నిజమే. అయితే ఒక లెక్క చూడండి. 20 మిల్లీమీటర్ల బిళ్లలను 2 మిల్లీమీటర్ల సందుతో అతికిస్తే చదరపు మీటరుకు రెండు వేలకు పైగా బిళ్లలు పడతాయి. వాటి మధ్య సందుల పొడవంతా కలిపితే దాదాపు 90 మీటర్లు. అంటే మీరు గాజుకు డబ్బు పెట్టిన గోడలో ఆరో వంతు గ్రౌటే, అంటే సందుల్లో నింపే పదార్థమే. ఆ సందుల్లో మామూలు తెల్ల సిమెంటు నింపితే ముందుగా పాడయ్యేది అదే. బిళ్లల ధరలో కొంత తగ్గించుకుని ఆ డబ్బు ఎపాక్సీ గ్రౌటు (సిమెంటుకు బదులు రెజిన్‌తో చేసేది) మీద పెట్టండి. పదిమందిలో తొమ్మిది మందికి నేనిచ్చే సలహా ఇదే.

బిళ్లల షీటును తిప్పి వెనక వైపు కూడా చూడండి. వెనకంతా జిగురుతో అతికించిన వల ఉంటే, ఆ జిగురు నీళ్లలో నానితే మెత్తబడేదో కాదో తేల్చుకోవాలి. ఒక ముక్కను రెండు రోజులు బకెట్లో నానబెట్టి వేలితో లాగి చూస్తే తెలిసిపోతుంది. ముందు వైపు కాగితం అంటించిన షీట్లయితే ఈ బెడద లేదు. అతికించాక కాగితం తడిపి తీసేస్తారు, బిళ్ల వెనక భాగమంతా అంటుకునే పదార్థానికే తగులుతుంది. ఆ పదార్థం బస్తా మీద ఐఎస్ 15477 (టైల్స్ అతికించే పదార్థాలకు భారతీయ ప్రమాణం) ముద్ర, ఈత కొలనుకు వాడవచ్చన్న మాట రెండూ ఉండాలి.

అపోహ: టైల్స్ వేస్తే నీళ్లు కారవు

నీళ్లను ఆపేది కాంక్రీటు, దాని మీది వాటర్‌ప్రూఫింగ్ పొర. టైలు పైతొడుగు మాత్రమే. అందుకే టైల్స్ వేయకముందే తొట్టి నిండా నీళ్లు పెట్టి వారం రోజులు ఆగమంటాను. నీటిమట్టం తగ్గితే కారిందో ఆవిరైందో తెలియడానికి పక్కనే ఒక బకెట్ నిండా నీళ్లు ఉంచండి. బకెట్లో తగ్గినంతే కొలనులోనూ తగ్గితే భయం లేదు. మేస్త్రీ తొందరపెట్టినా ఈ వారం మాత్రం వదులుకోవద్దు.

అపోహ: బోరు నీళ్లు ఎలాంటివైనా క్లోరిన్ వేస్తే చాలు

శంకర్‌పల్లి వైపు ఒక తోటలో యజమాని టైల్స్ అమ్మినవాళ్లు మోసం చేశారని బాధపడుతున్నారు. నీటి అంచు వెంబడి జానెడు వెడల్పున బూడిద రంగు పట్టీ. చేత్తో తడిమితే పాత గీజర్ రాడ్ మీద కట్టిన పెంకులా గరుకుగా ఉంది. గ్లవుజులు తొడుక్కుని, పలచటి యాసిడ్ ఒక్క చుక్క బిళ్ల నడిమధ్య వేశాను. బుసబుసమని నురగ లేచింది. తుడిచేసరికి కింద నీలం బిళ్ల కొత్తదానిలా మెరిసింది. ఆయన కాసేపు ఆ ఒక్క బిళ్లనే చూస్తూ ఉండిపోయారు.

అక్కడ జరిగింది ఇది. కొలను 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటు లోతు మీటరున్నర. పట్టేది 75 వేల లీటర్లు. ఎండాకాలంలో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైతే 350 లీటర్లు పోసుకోవాలి. నూరు రోజులకు 35 వేల లీటర్లు. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, సున్నం కొలనులోనే ఉండిపోతుంది. బోరు నీళ్ల కాఠిన్యం, అంటే వాటిలో కరిగి ఉన్న సున్నం కొలత, లీటరుకు 600 మిల్లీగ్రాములుంటే ఒక్క వేసవిలో కొలనులోకి 21 కిలోలు అదనంగా చేరినట్టే. కాఠిన్యం లీటరుకు 280 మిల్లీగ్రాములు పెరుగుతుంది. దానికి తోడు నీళ్లు వేడెక్కితే సున్నం నీళ్ల నుంచి ఇంకా తేలిగ్గా విడిపోయి బిళ్లలకు పట్టుకుంటుంది. అందంగా ఉంటుందని పెట్టిన జలపాతం నీళ్లలోని కార్బన్ డయాక్సైడును బయటికి పంపి పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను) పెంచుతుంది, అప్పుడూ సున్నం త్వరగా పేరుకుంటుంది. బ్లీచింగ్ పౌడర్ కూడా కాల్షియాన్నే కలుపుతుంది. ఇన్ని కలిశాక పట్టీ కట్టకుండా ఎలా ఉంటుంది?

పీహెచ్ 7.2 నుంచి 7.6, ఆల్కలినిటీ (పీహెచ్ ఎగుడుదిగుడు కాకుండా ఆపే క్షార గుణం) లీటరుకు 80 నుంచి 120 మిల్లీగ్రాములు, కాల్షియం కాఠిన్యం 200 నుంచి 400 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా చూసుకోండి. పీహెచ్, క్లోరిన్ రోజూ చూడాలి. మిగతావి వేసవిలో వారానికోసారి చాలు. నీటి అంచును వారానికోసారి మెత్తటి బ్రష్‌తో రుద్దితే పొర గట్టిపడకముందే పోతుంది.

అపోహ: అయితే ఆర్‌ఓ నీళ్లు నింపేస్తే గొడవే ఉండదు

పై సంగతి విన్నవాళ్లు వెంటనే అనే మాట ఇది. సున్నం బొత్తిగా లేని నీళ్లు తమకు కావలసిన సున్నాన్ని ఎక్కడో ఒకచోట నుంచి లాక్కుంటాయి. కొలనులో వాటికి దొరికేది గ్రౌటులోని సిమెంటే. ఒక అపార్ట్‌మెంట్లో సాఫ్ట్‌నర్ (నీళ్లలోని సున్నం తీసేసే యంత్రం) నీళ్లే నింపుతూ వచ్చారు. నాలుగో ఏట చూస్తే సందు వెంట బొటనవేలి గోరు గీస్తే చాలు, తడి ఇసుక గోట్లోకి వచ్చింది. పైకి నీళ్లు అద్దంలా ఉన్నాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు కలిపి కాల్షియం కాఠిన్యం 250 దగ్గరికి తెచ్చుకోవడం మేలు. అది కుదరకపోతే కాల్షియం క్లోరైడ్ కొలిచి కలపాలి.

అపోహ: ఏడాదికోసారి ఖాళీ చేసి యాసిడ్‌తో కడిగితే కొత్తదానిలా ఉంటుంది

ఆ రోజు ఉంటుంది. కానీ యాసిడ్ సున్నపు పొరను తిన్నట్టే గ్రౌటునూ తింటుంది. గరుకెక్కిన గ్రౌటులో నాచు గట్టిగా వేళ్లూనుకుంటుంది, దాన్ని వదిలించడానికి మళ్లీ యాసిడ్ తెస్తారు. ఇంకో మాట ప్రాణాలకు సంబంధించినది: యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలవకూడదు. ఒకే బకెట్, ఒకే మగ్గు రెండింటికీ వాడినా క్లోరిన్ వాయువు పుడుతుంది. వీటిని వేర్వేరు గదుల్లో పెట్టించండి. పనివారికి మీరే దగ్గరుండి చెప్పండి.

వానాకాలంలో ఖాళీ చేయడం మరీ ప్రమాదం. పైన చెప్పిన కొలను చుట్టూ నేల నీటితో నిండి ఉంటే తొట్టి అడుగును పైకి తోసే బలం 75 టన్నులకు పైనే ఉంటుంది. 20 సెంటీమీటర్ల మందం కాంక్రీటుతో కట్టిన ఆ తొట్టి బరువు 45 టన్నులకు అటూ ఇటూ. లోపల నీళ్లున్నంతకాలం సరిపోతుంది. తీసేస్తే అడుగు ఉబ్బుతుంది, టైల్స్ లేస్తాయి, ఒక్కోసారి తొట్టే కదులుతుంది. ఎండాకాలమైనా ఖాళీ కొలనును రోజుల తరబడి ఎండకు వదిలేస్తే బిళ్లలు వేడికి వ్యాకోచించి ఊడతాయి.

ఇక చిన్నవి రెండు. ఎపాక్సీ పెయింట్ టైల్స్‌కు చవకైన బదులు కాదు. ఎండకు సుద్దలా రాలుతుంది, కొన్నేళ్లకోసారి వేసుకోక తప్పదు. కాంక్రీటు పూర్తిగా ఆరకముందు వేస్తే బుడగలు లేస్తుంది. గోధుమ రంగు మరక కనిపిస్తే టైలు చెడిందని అనుకోవద్దు. బోరు నీళ్లలో ఇనుముంటే క్లోరిన్ తగలగానే అది తుప్పు రంగులో తేలుతుంది. విటమిన్ సి మాత్రను మరక మీద అర నిమిషం అదిమి పట్టండి. వెలిసిందంటే ఇనుమే. నాచుకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేసే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రం నీలి, ఆకుపచ్చ మరకలు వస్తాయి, అవి ఇంత తేలిగ్గా పోవు.

అపోహ: నలుపు, ముదురు నీలం వేస్తేనే హుందాగా ఉంటుంది

ఫొటోల్లో బాగుంటుంది, ఒప్పుకుంటాను. అయినా పిల్లలున్న ఇంటికి ముదురు రంగు వేయమంటే ముందు వద్దనే చెబుతాను. లోతులో మునిగిన పసిపిల్ల లేత రంగు అడుగు మీద కనిపించినట్టు నల్లటి అడుగు మీద కనిపించదు. నీళ్లు కాస్త మసకబారినా అంతే. అందుకే మా పనివారికి ఒక నియమం పెట్టాను. పొద్దున్నే గట్టు మీద నిలబడి, అన్నిటికంటే లోతైన చోట అడుగునున్న డ్రెయిన్ జల్లెడ రంధ్రాలు చూడాలి. అవి విడివిడిగా కనిపించకపోతే ఆ రోజు కొలను గేటుకు తాళం వేసి, యజమానికి ఫోన్ చేయాలి.