మంచం పడితేనే పనికొచ్చే కార్డు: పెద్దవాళ్ళ మందుల ఖర్చు వెనక కథ

నెల మొదటి తారీఖున పొదిలిలోనో, కనిగిరిలోనో, కందుకూరులోనో ఏ మందుల షాపు ముందు నిలబడినా పెద్ద వయసువాళ్ళు మామూలు కంటే ఎక్కువమంది కనిపిస్తారు. ఆ రోజు పింఛను వస్తుంది. "షుగరు బిళ్ళలు పదిహేను రోజులకి ఇయ్యి అబ్బయ్యా, బీపీవి పది చాలు" అని ఒక అవ్వ అడగడం నేను విన్నాను. ఆమె సంచిలో ఆరోగ్యశ్రీ కార్డు కూడా ఉంది. "ఇది ఇక్కడ చెల్లదంట గదా" అంది షాపతనితో.

చెల్లదు. ఆ కార్డు ఎక్కడ పుట్టిందో చూస్తే కారణం తెలుస్తుంది.

గుండె ఆపరేషన్లకీ, క్యాన్సర్ చికిత్సకీ పొలాలు అమ్ముకున్న కుటుంబాలు ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీలు పెట్టుకునేవి. ఆ అర్జీలు పెరిగి పెరిగి, 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. 2008 మధ్యకల్లా నెల్లూరు, ప్రకాశంతో సహా రాష్ట్రమంతటికీ వచ్చింది. ఆపరేషన్ ఖర్చుతో ఒక్కసారిగా అప్పులపాలయ్యే ఇంటిని ఆదుకోవడం దాని పని. ఆ పని చేసింది. నెల్లూరు పొగతోట ఆసుపత్రుల్లో స్టెంటు వేయించుకుని, పైసా అప్పు లేకుండా ఊరికి తిరిగొచ్చిన కూలివాళ్ళు నాకు తెలుసు. కానీ దాని లెక్కంతా ఆసుపత్రి మంచం చుట్టూనే. చేరాలి, అనుమతి రావాలి, చికిత్స జరగాలి, డిశ్చార్జి కావాలి. కొన్ని ఆపరేషన్ల తర్వాత కొంతకాలం మందులిచ్చే ఏర్పాటు పెట్టారు గానీ, ఇంట్లో కూర్చుని ఇరవై ఏళ్ళు మింగాల్సిన బీపీ బిళ్ళకి ఆ లెక్కలో చోటు లేదు.

2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్‌దీ అదే దారి. ఆసుపత్రిలో చేరకముందు 3 రోజులు, ఇంటికొచ్చాక 15 రోజుల మందుల వరకే ఇస్తుంది. 2024 అక్టోబరులో 70 ఏళ్ళు దాటిన అందరికీ, ఆదాయంతో పనిలేకుండా, ఏడాదికి 5 లక్షల కార్డు ఇచ్చారు. అదీ చేరినవాళ్ళకే. పదహారో రోజు నుంచి ఖర్చు మళ్ళీ పింఛను మీదే.

ఇది మన దగ్గరే జరిగిన పొరపాటు కాదు. మన ఊళ్ళ పిల్లలు ఇంతమంది వెళ్ళి స్థిరపడిన అమెరికాలో కూడా పెద్దవాళ్ళకి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా 1965లో వచ్చినప్పుడు మందుల షాపు ఖర్చు అందులో లేదు. 2003లో చట్టం చేసి, 2006 జనవరి నుంచి మందుల బీమా కలిపారు. అప్పటికి నలభై ఏళ్ళు గడిచాయి. ఇన్సులిన్‌కి నెలకి 35 డాలర్ల పరిమితి 2023లో, పెద్దవాళ్ళు తమ జేబులోంచి మందులకి పెట్టే మొత్తానికి ఏడాదికి 2,000 డాలర్ల హద్దు 2025లో వచ్చాయి. దేశమేదైనా ముందు ఆపరేషనే కళ్ళబడుతుంది, బిళ్ళ కనపడదు.

మనల్ని ఇన్నాళ్ళూ కాపాడింది బీమా కాదు, మందుల ధర. 1970 పేటెంటు చట్టం మందుకి కాకుండా తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. దాంతో మన కంపెనీలు వేరే పద్ధతిలో అదే మందు చేసి చవగ్గా అమ్మాయి. 1979లో 347 మందుల మీద ధరల నియంత్రణ ఉండేది. 1987కి అది 142కి, 1995కి 74కి తగ్గిపోయింది. షుగరు, బీపీ ఇంటింటికీ పాకిన సంవత్సరాల్లోనే గేటు తెరిచేశారు. 2013లో అత్యావశ్యక మందుల జాబితా మొత్తాన్నీ నియంత్రణలోకి తెచ్చారు గానీ, గరిష్ఠ ధరని తయారీ ఖర్చుని బట్టి కాకుండా మార్కెట్లో ఉన్న బ్రాండ్ల సగటుని బట్టి కట్టారు. ఈ జాబితా మందుల ధర టోకు ధరల సూచీతో పాటు పెరగొచ్చు. 2022లో 10 శాతానికి పైగా, మరుసటి ఏడు 12 శాతానికి పైగా అలాగే పెరిగింది.

అసలు చిక్కు జాబితా బయట ఉంది. రెండు మూడు మందులు ఒకే బిళ్ళలో కలిపి అమ్మేవి చాలావరకు ఆ జాబితాలో ఉండవు. వాటి ధర కంపెనీ ఇష్టం, ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ విడివిడిగా చవకే. వాటికి ఇంకొకటి కలిపిన బిళ్ళ చీటీలో రాసిస్తే పెద్దాయనకి తేడా తెలియదు, బిల్లులో మాత్రం తెలుస్తుంది.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోవడాన్ని మన దేశంలో మొదట శాస్త్రీయంగా రికార్డు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి, 1970లో ప్రకాశం జిల్లాలో కలిశాయి. ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకి మోకాళ్ళు, నడుము పట్టేస్తాయి. పొలం పని ఆపే వీలు లేదు, అందుకని చీటీ లేకుండానే నొప్పి బిళ్ళలు కొనుక్కుంటారు, ఏళ్ళ తరబడి. ఆ బిళ్ళలు కిడ్నీలని దెబ్బతీస్తాయి. బీపీ బిళ్ళ మానేసినా కిడ్నీకే ముప్పు. కిడ్నీ పోయాక డయాలసిస్‌కి ప్రభుత్వమే డబ్బు కడుతోంది. కట్టాల్సిందే. అక్కడిదాకా రాకుండా ఆపే బిళ్ళకి కట్టకపోవడమే నాకు బాధ.

ఈ లోటు పూడ్చడానికి మనం చేసిన మంచి ప్రయత్నం 104 బండి. ఆరోగ్యశ్రీ వచ్చిన కొద్దికాలానికే, ఆసుపత్రికి దూరంగా ఉన్న ఊళ్ళకి నెలకోసారి బండి వెళ్ళి, బీపీ, షుగరు చూసి, నెలకి సరిపడా బిళ్ళలిచ్చేది. ముసలివాళ్ళు ఆ తేదీ గుర్తుపెట్టుకుని రచ్చబండ దగ్గర కూర్చునేవాళ్ళు. బస్సు చార్జీ లేదు, కూలి పోదు. తర్వాత ఈ సేవ పేర్లు మారింది, కుంటుపడింది, 2020 జులైలో కొత్త బండ్లతో మళ్ళీ వచ్చింది. 2023 ఏప్రిల్‌లో డాక్టరే ఊళ్ళోకి వచ్చే ఏర్పాటు దీనికే జతచేశారు. బీపీ, షుగరు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఉచితమే. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో ధర బ్రాండ్ కంటే బాగా తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

అయినా ఆ అవ్వ మందుల షాపు దగ్గరే ఎందుకుంది? అడిగాను. నెల్లూరులో డాక్టరుగారు రాసింది మూడు మందులు కలిపిన బిళ్ళ. ఆరోగ్య కేంద్రంలో అది దొరకదు, అక్కడ విడివిడిగా ఉన్న బిళ్ళలిచ్చారు. "రంగు వేరే, సైజు వేరే. అది ఇదేనని చెప్పినోళ్ళు లేరు నాయనా" అంది. తీసుకొచ్చిన బిళ్ళలు గూట్లోనే ఉన్నాయట. షాపతను పది బీపీ బిళ్ళలు షీటులోంచి కత్తిరించి ఇచ్చాడు.