తిరుపతి నించి కాశీకి గంటా నలభై నిమిషాలేనా? అపోహలు - వాస్తవాలు

మా దగ్గరికి కాశీ టికెట్లకి వచ్చేవాళ్లు చాలామంది ఫోన్లో దూరాలు లెక్కేసే సైటు చూపిస్తానే లోపలికొస్తారు, "దూరం 1,350 కిలోమీటర్లు, టైం గంటా నలభై అంటా ఉంది, మీరేంది పొద్దున ఎక్కితే సాయంత్రానికి అంటారు" అని. ఆ సైట్లు చేసేది ఏంలేదు సామీ, రేణిగుంటకీ (తిరుపతి ఎయిర్‌పోర్టు ఉండేది అక్కడే) వారణాసికీ మ్యాప్ మీద గీత గీసి, జెట్ గంటకి 800 కిలోమీటర్లు పోతుందని భాగించి పెడతాయి. ఆ గీత మీద ఫ్లైట్ నడస్తా ఉందా లేదా వాటికి పట్టదు. హైదరాబాద్ మీదుగా పోయినా పెరిగే దూరం 80 కిలోమీటర్లే, పెరిగేదంతా టైమే. దాంట్లో రేణిగుంట నించి ఏటీఆర్ (ఫ్యాన్లుండే చిన్న విమానం) పడిందా, అది గంటకి 500 దాకానే పోతుంది. టికెట్ మీద వేసే టైములో రన్‌వే దాకా పొయ్యేది, దిగినాక స్టాండుకొచ్చేది కూడా కలిపే ఉంటాయి.

సరే, దీంతో పొయ్యేది కాసేపు వాదనే. డబ్బులు పొయ్యేది "రెండు టికెట్లు విడివిడిగా తీసుకుంటే చవక, మధ్యలో గంటన్నర చాల్లే" అనేదాంతో.

పోయిన చలికాలంలో చిత్తూరు పక్క నించి ఒక పెద్దాయన, ఆయన భార్య కాశీలో పితృకార్యానికి బయల్దేరినారు. కొడుకు బెంగళూరులో కూర్చుని రెండు వేరే వేరే కంపెనీల్లో టికెట్లు చేసినాడు, హైదరాబాద్‌లో గ్యాప్ గంటా నలభై అయిదు నిమిషాలు. మొదటి ఫ్లైట్ పాతిక నిమిషాలు లేటు, అదేం పెద్ద లేటు కాదు. దిగి, బస్సెక్కి, బెల్టు దగ్గర నిలబడి, బియ్యప్పిండి, నువ్వులు పెట్టుకున్న బ్యాగు వచ్చేదాకా చూసి, బయటికొచ్చి మళ్లీ డిపార్చర్ గేటుకి ఎక్కేసరికి కౌంటర్ మూసేసినారు. బ్యాగులు వేసే కౌంటర్ డొమెస్టిక్‌లో 60 నిమిషాల ముందే మూసేస్తారు కదా, ఫ్లైట్ ఎదురుగానే ఉన్నా ఎక్కనియ్యరు. ఆయన నాకు ఫోన్ చేసి "నాయనా, లేటు చేసింది వాళ్లే కదా, మమ్మల్నెందుకు వద్దంటారు" అన్నాడు. ఏం చెప్పేది? రెండో కంపెనీకి మొదటి ఫ్లైట్ లేటుతో సంబంధం లేదు, వాళ్ల లెక్కలో ఈయన రాని ప్యాసింజర్. పంతులుకి చెప్పిన తిథి పోతుందని ఆయమ్మ ఏడ్చిందంట, అప్పటికప్పుడు కొత్త టికెట్లు తీసుకున్నారు, ఆ రేటు నేను చెప్పను.

అదే రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే బ్యాగు రేణిగుంటలో వేస్తే కాశీలోనే తీసుకునేది, మొదటి ఫ్లైట్ లేటై రెండోది తప్పితే తర్వాత ఫ్లైట్లో ఎక్కించే బాధ్యత కంపెనీదే. విడి టికెట్లే కావాలంటే, నన్నడిగితే మధ్యలో నాలుగు గంటలు పెట్టుకోండి, డిసెంబరు, జనవరిలో తిరుగు ప్రయాణానికి ఇంకా ఎక్కువే, వారణాసిలో పొద్దున పొగమంచు ఎప్పుడు వదుల్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇంక తిరుమల కొండ మీదుగా పోకూడదు కాబట్టి ఫ్లైట్లు చుట్టు తిరుగుతాయి, అందుకే లేటు అనేది. నో ఫ్లై జోన్ చెయ్యమని టీటీడీ అడుగుతా ఉండేది నిజమే, మీ కాశీ టైముకీ దానికీ ఏం సంబంధం లేదు, వాట్సాప్‌లో తిప్పేది ఆపండి.

చెన్నై నించి పోతే త్వరగా చేరతాం అనేవాళ్లు రోడ్డు మీద మూడు, నాలుగు గంటలు కూడా కలుపుకోండి. ఫ్లైట్ తప్పితే మొత్తం పోయినట్టే అనేది కూడా పూర్తిగా నిజం కాదు, ఎయిర్‌పోర్టు ఫీజులు, ట్యాక్సులు వెనక్కివ్వాలని డీజీసీఏ (విమాన కంపెనీల మీద ఉండే సర్కారు సంస్థ) రూలు ఉంది, కాకపోతే మీరే అడగాల్సి రావచ్చు.