గుమ్మానికి వేపమండ కట్టకముందే

ఎండలు ముదిరేసరికి గుంటూరు బ్రాడీపేట సందుల్లో ఎవరో ఒకరి గుమ్మానికి వేపమండ కనిపిస్తుంది. "వాళ్ల పిల్లాడికి అమ్మవారు పోసింది, అటు వెళ్లకురా" అని పెద్దవాళ్లు పిల్లల్ని ఆపుతారు. ఆపడం మంచిదే. కానీ ఒంటి మీద పొక్కులు తేలడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ అంటుకుంటుంది. మండ కట్టేనాటికి పిల్లలంతా కలిసి ఆడుకోవడం అయిపోయి ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలు చాలావరకు వారం పది రోజుల్లో లేచి తిరుగుతారు. నా టెన్షన్ నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కి (మూత్రంలో ప్రోటీన్ కారిపోయే కిడ్నీ జబ్బు) స్టెరాయిడ్లు వాడుతున్న పిల్లల గురించి, బ్లడ్ క్యాన్సర్‌కి కీమో ఎక్కించుకుంటున్న పిల్లల గురించి. వైరస్‌ని అణచాల్సిన టి కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) వాళ్లలో మందుల వల్ల నీరసిస్తాయి. అప్పుడది ఊపిరితిత్తులకీ కాలేయానికీ పాకొచ్చు. అరుదుగా కిడ్నీలకీ చేరుతుంది.

కిడ్నీ చాలా రకాలుగా దెబ్బతినొచ్చు. వైరస్సే నేరుగా అందులో చేరొచ్చు. లేదా వైరస్, దాని మీదకు పుట్టిన యాంటీబాడీలు జట్టుకట్టి, రక్తాన్ని వడకట్టే సన్నని జల్లెడల్లో చిక్కుకుని వాపు తెస్తాయి. ఒక్కోసారి కండరాలు దెబ్బతిని, వాటిలోంచి వచ్చిన మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కిడ్నీ గొట్టాలకు అడ్డుపడుతుంది. వైద్యానికి వాడే ఎసైక్లోవిర్ కూడా ఒంట్లో నీరు చాలకపోతే ఆ గొట్టాల్లోనే స్ఫటికాలుగా పేరుకుంటుంది. అందుకే దాన్ని నరానికి ఎక్కించేటప్పుడు గంటసేపు మెల్లగా, సెలైన్ తోడుగా ఇస్తారు.

ఇంట్లో ముందుగా కనిపెట్టేది తల్లే. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, తగ్గిపోయిన మూత్రం, టీ డికాషన్ లాంటి రంగు. మన ఎండలకు "వేడి చేసిందిలే" అని మజ్జిగ పట్టించి ఊరుకుంటాం. మజ్జిగ తప్పు కాదు, ఊరుకోవడమే తప్పు. ఈ మందుల మీదున్న పిల్లలకు ఆ రంగు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అసలు పొక్కుల దాకా ఆగకూడదు. ఆటలమ్మ వచ్చిన పిల్లలతో కలిసి ఆడారని తెలిసిన రోజే డాక్టరుకు చెప్పాలి. రక్షణకు ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) ఇంజెక్షన్ అలా కలిసిన 96 గంటల్లోపు పడితే మేలు, 10 రోజుల వరకూ ఇవ్వొచ్చు. స్టెరాయిడ్లు మాత్రం సొంతంగా ఆపేయకండి, ప్రమాదం.

ఆటలమ్మకు జపాన్‌లో డాక్టర్ మిచియాకి తకహాషి 1974లో తయారుచేసిన టీకా ఉంది. అయితే అది బతికున్న, బలం తగ్గించిన వైరస్. గట్టి డోసులో స్టెరాయిడ్లు నడుస్తుండగా వేయరు. అన్నకి వేయలేకపోయినా, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న తమ్ముడికీ చెల్లికీ 2 డోసులూ వేయించవచ్చు. మన దేశంలో ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు కాబట్టి, పిల్లల డాక్టరును మనమే అడిగి వేయించుకోవాలి.