బీలలో నీళ్లు, కాగితంలో బీడు

శ్రీకాకుళం జిల్లాలో ‘ప్రజాభిప్రాయ సేకరణ’ (ప్రాజెక్టుకి అనుమతి ఇచ్చేముందు ఊరివాళ్లని అడిగే సభ) అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది సామియానా, దాని చుట్టూ పోలీసులు. ఈ పేరుకి ఆ రూపం ఎలా వచ్చిందో తెలియాలంటే సోంపేట దాకా వెళ్లాలి.

సోంపేట బీల చిత్తడి నేల. చేపలు పట్టేవాళ్లకీ, పశువులు మేపుకునేవాళ్లకీ, ఆ నీటితో సాగు చేసుకునే రైతులకీ అదే ఆధారం. అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు తలపెట్టినప్పుడు ప్రాజెక్టు కాగితాల్లో మాత్రం అది పనికిరాని బీడు. 2009లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. జనం వద్దన్నారు. అయినా ఆ ఏడాదే కేంద్రం నుంచి పర్యావరణ అనుమతి వచ్చేసింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఏడాది ముందు సామియానా కింద ఊరివాళ్లు చెప్పిందే కదా అది! మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ థర్మల్ ప్లాంటు గొడవే, మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు.

నిజానికి ఈ సేకరణ మొదటి నుంచీ లేదు. ప్రాజెక్టు వల్ల నేలకీ నీటికీ ఏమవుతుందో ముందే లెక్కగట్టే పర్యావరణ ప్రభావ అంచనా 1994లో తప్పనిసరైంది. జనాన్ని అడగాలన్న నిబంధన 1997లో చేరింది. ఇప్పటి పద్ధతి 2006 నోటిఫికేషన్‌ది: కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టరు గానీ అదనపు మేజిస్ట్రేట్ స్థాయి అధికారి గానీ సభ నడపాలి, అంతా వీడియో తీయాలి. ఇంతమంది వస్తేనే సభ చెల్లుతుందన్న లెక్క లేదు, ఓటింగూ లేదు. జనం చెప్పింది నమోదు చేసి పైకి పంపుతారు, నిర్ణయం పైవాళ్లది. నన్నడిగితే అసలు మెలిక ఇంకో చోట ఉంది. ఆ అంచనా రిపోర్టు రాసే కన్సల్టెంటుకి ఫీజు ఇచ్చేది ప్రాజెక్టు పెట్టే కంపెనీయే. వందల పేజీల రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, ఊరికి తెలుగులో అందేది దాని సారాంశం. బీలలో ఏ నెల ఎంత నీరుంటుందో తెలిసిన మనిషి ఆ సారాంశం పట్టుకుని మాట్లాడాలి.

పక్కనే విజయనగరం జిల్లాలో ఇంకో రకం అడగడం ఉంది. ఉపాధి హామీ 2006లో మొదలైన తొలి విడత జిల్లాల్లో అదొకటి. ఆ చట్టం సామాజిక తనిఖీని గ్రామసభ చేతిలో పెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ పనికి శిక్షణ పొందిన ఊరి కుర్రాళ్లు మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ‘నువ్వు ఇన్ని రోజులు పనికెళ్లావా? ఇంత డబ్బు అందిందా?’ అని తెలుగులో చదివి వినిపించేవారు. తర్వాత అధికారుల ముందే బహిరంగ సభ. తనిఖీలో పక్కదారి పట్టినట్టు తేలిన సొమ్మంతా వసూలు కాలేదన్నది వేరే కథ. కానీ అక్కడ కాగితం కూలీకి అర్థమయ్యేది.

భాష గొడవ 2020లో కోర్టుకే ఎక్కింది. నోటీసు గడువును 30 నుంచి 20 రోజులకి కుదించే కొత్త పర్యావరణ అంచనా నోటిఫికేషన్ ముసాయిదాని కేంద్రం ఇంగ్లీషు, హిందీల్లోనే పెట్టింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న, తెలుగుతో సహా, భాషలన్నిటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెబితే, కేంద్రం సుప్రీంకోర్టుకి వెళ్లింది. అభిప్రాయం చెప్పమని అడుగుతున్న కాగితాన్ని తెలుగులో ఇవ్వాలా వద్దా అన్న దాని మీద అంత దూరం!