పన్ను వేలంలో ఇల్లు పోయాక మిగిలిన డబ్బు ఎవరిది?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆస్తి పన్ను కట్టక ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళకు ఒక విచిత్రమైన గడువు ఉంది. కౌంటీ, అంటే మన జిల్లా లాంటి స్థానిక పాలనా విభాగం, ఆ ఇంటిని మార్చి 31న స్వాధీనం చేసుకుంటుంది. బాకీ పోగా వేలంలో మిగిలే డబ్బు కావాలంటే జులై 1లోగా 5743 నంబరు ఫారం నింపాలి. దాన్ని నోటరీ చేయించి కౌంటీ ట్రెజరర్ చేతికివ్వాలి, లేదా అందినట్టు రసీదు వచ్చేలా సర్టిఫైడ్ పోస్టులో పంపాలి. వేలాలు మామూలుగా జరిగేది ఆ తర్వాతే. అంటే ఇల్లు ఎంతకు పోతుందో, అసలు కొనేవాడు దొరుకుతాడో లేదో తెలియకముందే మిగులు నాదని చెప్పి పెట్టుకోవాలి. చెప్పకపోతే లక్ష డాలర్లు మిగిలినా చిల్లిగవ్వ రాదు.

దాదాపు 800 ఏళ్ళుగా చట్టం ఒప్పుకుంటూ వచ్చిన హక్కు చివరికి ఇలాంటి ఫారం దగ్గర వచ్చి ఆగింది.

బాకీకి ఎంత కావాలో అంతే తీసుకుని మిగతాది వదిలేయాలన్న సూత్రం 1215 నాటి ఇంగ్లండు హక్కుల పత్రం మాగ్నా కార్టాలోనే ఉంది. చనిపోయినవాడు రాజుకు బాకీ ఉంటే అధికారి వచ్చి సొత్తు స్వాధీనం చేసుకోవచ్చు. బాకీ తీరాక మిగిలింది మాత్రం వీలునామా అమలుచేసేవాళ్ళకు వదలాలి. 1692లో ఇంగ్లండు పార్లమెంటు ఇంకా సూటిగా, పన్ను కోసం ఆస్తి అమ్మితే పైన మిగిలింది వెంటనే యజమానికి ఇచ్చేయాలని చట్టం చేసింది. అమెరికాకు వలస వెళ్ళినవాళ్ళు ఈ పద్ధతినీ వెంట తీసుకెళ్ళారు. మన దగ్గర కూడా ఇందులో తేడా లేదు. బ్యాంకు తాకట్టు ఇంటిని వేలం వేస్తే, అప్పూ ఖర్చులూ పోగా మిగిలింది హక్కుదారుకే ఇవ్వాలని 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(7) సెక్షన్ చెబుతుంది.

అమెరికాలో కూడా ఎక్కువ రాష్ట్రాలు ఈ దారిలోనే నడిచాయి. కొన్ని మాత్రం పక్కకు జరిగాయి. మిన్నెసోటా 1935లో చట్టం మార్చింది. గడువులోగా పన్ను కట్టకపోతే ఆస్తి మొత్తం ప్రభుత్వానిదే, యజమానికి తిరిగొచ్చేది ఏమీ లేదు. మిషిగన్ 1999లో అలాంటి చట్టమే తెచ్చింది. డెట్రాయిట్ లాంటి చోట్ల పాడుబడిన ఇళ్ళు ఏళ్ళ తరబడి ఎవరికీ చెందకుండా పడి ఉంటున్నాయని, వాటిని త్వరగా కొత్తవాళ్ళ చేతుల్లో పెట్టాలని ప్రభుత్వం చెప్పిన కారణం. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ వేలం డబ్బంతా కౌంటీ ఖజానాకే చేరుతున్నప్పుడు పాడుబడిన ఇంటికీ, మనుషులు ఉంటున్న ఇంటికీ తేడా చూడాల్సిన అవసరం ఎవరికుంటుంది?

ఆ తేడా చూడకపోతే ఏమవుతుందో ఓక్లాండ్ కౌంటీలో బయటపడింది. రఫేలీ అనే ఆయన కంపెనీ పేరిట సౌత్‌ఫీల్డ్‌లో ఒక ఇల్లు కొన్నాడు. 2011 పన్ను కొంత బాకీ పడిందని తెలిసి కట్టేశాడు. అయితే వడ్డీ లెక్కలో పొరపాటు జరిగి 8.41 డాలర్లు తక్కువయ్యాయి. మన సినిమా టికెట్‌కూ పాప్‌కార్న్‌కూ అయ్యేంత మొత్తం. జరిమానాలు, ఫీజులు కలిసి అది 285 డాలర్లు దాటింది. కౌంటీ 2014లో ఆ ఇంటిని 24,500 డాలర్లకు వేలం వేసి డబ్బంతా తనే ఉంచుకుంది. కేసు పైదాకా వెళ్ళింది. ఇది రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని 2020 జులైలో మిషిగన్ సుప్రీంకోర్టు తేల్చింది.

మూడేళ్ళ తర్వాత అదే ప్రశ్న దేశ సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. జెరాల్డిన్ టైలర్‌కు అప్పటికి 94 ఏళ్ళు. మినియాపొలిస్‌లో ఆమెకు చిన్న అపార్ట్‌మెంట్ ఉండేది. అక్కడ భద్రత లేదనిపించి 2010లో వృద్ధుల నివాసానికి మారిపోయింది. ఆ తర్వాత పన్ను కట్టినవాళ్ళు లేరు. అసలు పన్ను సుమారు 2,300 డాలర్లయితే వడ్డీ, జరిమానాలు 13,000 దాకా చేరాయి. హెనెపిన్ కౌంటీ 40,000కు అమ్మి, బాకీ 15,000తో పాటు మిగిలిన 25,000 కూడా జమ చేసుకుంది. కింది కోర్టులు రెండూ కౌంటీ వైపే మొగ్గాయి. 2023 మే 25న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆమె పక్షాన తీర్పిచ్చారు. పరిహారం లేకుండా ప్రభుత్వం ప్రైవేటు ఆస్తి తీసుకోరాదన్న రాజ్యాంగ నియమాన్ని ఇది ఉల్లంఘించిందన్నారు. అప్పటికే 36 రాష్ట్రాలు, కేంద్ర ప్రభుత్వం మిగులు తిరిగిస్తున్నాయని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ గుర్తుచేశారు. అదే మిన్నెసోటాలో బ్యాంకు ఇల్లు అమ్మితే మిగులు యజమానికే వెళుతుందన్న సంగతి కూడా ఆయన ఎత్తిచూపారు. ఇంకొకడు చేస్తే తప్పయింది తను చేస్తే ఎలా ఒప్పవుతుందో రాష్ట్రం సమాధానం చెప్పలేకపోయింది.

అందరూ ఈ తీర్పు గురించే మాట్లాడతారు. నాకు మాత్రం అసలు కీలకం 1956 నాటి న్యూయార్క్ కేసులో ఉందనిపిస్తుంది. నెల్సన్ కేసుగా పిలిచే అందులో బాకీ పన్ను కూడా కాదు, నీటి బిల్లులు. ఒక ఆస్తి మీద 65 డాలర్లు, ఇంకోదాని మీద 814. నోటీసులు వచ్చాయి కానీ లెక్కలు చూసే ఉద్యోగి వాటిని యజమానులకు చూపించకుండా దాచేశాడు. మొదటి ఆస్తిని నగరం 7,000కు అమ్మింది, రెండోదాన్ని తన దగ్గరే ఉంచుకుంది. యజమానులు ఓడిపోయారు. గడువులోగా కోర్టుకొచ్చి మిగులు అడిగే దారి చట్టంలో ఉంది, మీరే అడగలేదు, అంది సుప్రీంకోర్టు. 2023లో టైలర్ గెలవడానికి కారణం మిన్నెసోటాలో ఆ దారే లేకపోవడం. నెల్సన్ తీర్పును మాత్రం కొట్టేయలేదు.

రాష్ట్రాలకు కావలసిన సందు అక్కడ దొరికింది. మిగులు ఇస్తాం, కానీ అడగాలి, ఇంతలోగా, ఇలాగే అడగాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు తయారైంది వ్యవహారం. రఫేలీ తీర్పు వచ్చిన 2020 చివర్లోనే మిషిగన్ కొత్త చట్టం చేసింది. జులై 1 ఫారంతో పని అయిపోదు. మరుసటి జనవరిలో ట్రెజరర్ ఎంత మిగిలిందో ఉత్తరం రాస్తాడు. దాన్ని పట్టుకుని ఫిబ్రవరి 1, మే 15 మధ్య సర్క్యూట్ కోర్టులో దరఖాస్తు వేయాలి. అమ్మిన ధరలో 5 శాతం కమిషన్ కౌంటీకి పోతుంది. జులై 1 దాటినవాళ్ళకు హక్కు లేదని రాష్ట్ర అప్పీలు కోర్టు 2023లో తేల్చేసింది.

మిగతా చోట్ల తలుపు కాస్త వెడల్పు. టెక్సస్‌లో అమ్మిన రోజు నుంచి రెండేళ్ళు, కాలిఫోర్నియాలో కొన్నవాడి దస్తావేజు రిజిస్టరయిన నాటి నుంచి ఏడాది. ఎక్కడైనా ఆ ఇంటి మీద అప్పులిచ్చిన వాళ్ళ వాటా తేలాకే యజమాని వంతు వస్తుంది.

ఇల్లు పోగొట్టుకునేది ఎవరన్నది కూడా చూడాలి. బ్యాంకు లోన్ నడుస్తున్న ఇంటికి చాలాసార్లు నెలవాయిదాతో పాటే పన్ను డబ్బు తీసుకుని బ్యాంకే కట్టేస్తుంది. లోన్ తీరిపోయిన ముసలివాళ్ళూ, తండ్రి పోయాక పేరు మార్చుకోని వారసులూ దొరికిపోతారు. ట్రాయ్, నోవై లాంటి తెలుగువాళ్ళుండే ఊళ్ళు కూడా ఇదే ఓక్లాండ్ కౌంటీలో ఉన్నాయి. అక్కడ ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాద్ తిరిగొచ్చేసి, ఉత్తరాల చిరునామా మార్చుకోని మనిషి పరిస్థితి ఊహించుకోండి.

ఇలా ఇల్లు పోయినవాళ్ళ జాబితాలు బహిరంగం కాబట్టి, మీకు డబ్బు రావాలి, మేం ఇప్పిస్తాం, మూడో వంతు మాకివ్వండి అంటూ ఉత్తరాలు రాసే ఏజెంట్లు పుట్టుకొచ్చారు. టెక్సస్ దీనికి కొంత కళ్ళెం వేసింది. లాయరు ఫీజు మిగులులో 25 శాతం లేదా 1,000 డాలర్లు, వీటిలో ఏది తక్కువైతే అదే తీసుకోవాలి. మిగులు అడిగే హక్కునే కొనేసుకునేవాడైతే అందులో కనీసం 80 శాతం ఆ రోజే యజమానికి చెల్లించాలి.

ఇక మిగులంటే ఎంత అన్న పేచీ మిగిలింది. మిషిగన్‌లోనే ఇసబెల్లా కౌంటీలో సుమారు 2,200 డాలర్ల బాకీకి ఒక ఇల్లు 76,008కి వేలం పోయింది. పన్ను లెక్కల్లో కౌంటీయే దాని విలువ 1,94,400 అని రాసుకుంది. వేలం ధరను బట్టి లెక్క కట్టాలా, ఇంటి అసలు విలువను బట్టా అన్న ఈ వివాదాన్ని దేశ సుప్రీంకోర్టు 2025లో విచారణకు తీసుకుంది.