కీబోర్డూ మౌసూ ఒకేసారి మొరాయిస్తే

పిల్లలూ, తాతయ్య ఆశీస్సులు.

కంప్యూటర్ పలక్కపోతే చాలు, మీ చెయ్యి ముందు స్విచ్ మీదికే పోతుంది. అది ఆఖరి పని. సేవ్ చేయని రాతంతా గాల్లో కలుస్తుంది.

కీబోర్డూ మౌసూ ఒకే నిమిషంలో పాడవడం చాలా అరుదు. కాబట్టి ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించండి: ఒకే యూఎస్‌బీ హబ్బు (ఒక పోర్టును నాలుగైదు పోర్టులుగా చేసే పెట్టె), ఒకే డాంగిల్ (వైర్‌లెస్ సిగ్నల్ అందుకునే చిన్న ముక్క), లేదా హ్యాంగైన కంప్యూటర్.

తేల్చడానికి క్యాప్స్ లాక్ నొక్కి దాని లైటు చూడండి. మామూలుగా ఆ లైటును కీబోర్డు తనంతట తాను వెలిగించదు. మీరు నొక్కిన కబురు కంప్యూటర్‌కి చేరి, అక్కణ్ణుంచి జవాబొస్తేనే వెలుగుతుంది. లైటు మారుతోందంటే కంప్యూటర్ వింటున్నట్టే.

లైటు మారుతున్నా అక్షరాలు పడటం లేదా? ఫిల్టర్ కీస్, అంటే చప్పున నొక్కి వదిలిన కీలను పట్టించుకోని సదుపాయం, ఆన్ అయిందేమో. విండోస్‌లో కుడివైపు షిఫ్ట్‌ని 8 సెకన్లు అదిమి ఉంచితే ఒక పెట్టె వస్తుంది. మీరేమో చదవకుండానే ఎంటర్ కొట్టేస్తారు! ఇక కీని కాసేపు నొక్కి ఉంచితే తప్ప అక్షరం పడదు. మళ్ళీ 8 సెకన్లు అదే షిఫ్ట్ నొక్కితే పోతుంది. దీన్ని పసిగట్టక మంచి కీబోర్డుల్ని పారేసినవాళ్ళున్నారు.

లైటు మారకపోతే వైరు తీసి, హబ్బు లేకుండా నేరుగా సీపీయూ వెనక ఇంకో పోర్టులో పెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. అన్నీ కలిపి మారిస్తే తప్పు దేనిదో తెలియదు. పాత గుండ్రటి పిన్నులైతే ఊదారంగుది కీబోర్డుకి, ఆకుపచ్చది మౌస్‌కి. వాటిని కంప్యూటర్ ఆపాకే పెట్టాలి. వైర్‌లెస్ అయితే బ్యాటరీ, మౌస్ అడుగున స్విచ్ చూసి, డాంగిల్‌ని ముందువైపు పోర్టులోకి మార్చండి. పక్కనున్న యూఎస్‌బీ 3.0 (వేగమైన రకం యూఎస్‌బీ) పరికరాలు డాంగిల్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని చెడగొట్టొచ్చు.

తప్పు ప్రతిసారీ మీ వస్తువుదే కాదు. 2025 అక్టోబరులో వచ్చిన ఒక విండోస్ 11 అప్‌డేట్ తర్వాత రికవరీ తెరలో (విండోస్ మొదలవకపోతే బాగుచేసుకునే చోట) యూఎస్‌బీ కీబోర్డులూ మౌసులూ పనిచేయలేదు. మైక్రోసాఫ్ట్ కొద్దిరోజుల్లోనే సరిచేసింది.

మౌస్ ఒక్కటే పోతే కంట్రోల్-ఎస్‌తో ముందు ఫైలు దాచుకోండి. కీబోర్డు ఒక్కటే పోతే, సెట్టింగ్స్‌లో ఆన్-స్క్రీన్ కీబోర్డు ఉంది. మౌస్‌తోనే టైపు చేయొచ్చు, కాస్త ఓపికుంటే.

మీ తాతయ్య